రాత్రి తొమ్మిది దాకా సీట్లో ఉంటేనే పని చేసినట్టా?

మీ ప్రశ్న క్లుప్తంగా: చిత్తూరు దగ్గర మామిడి జ్యూస్ ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తున్నారు. మీరు ఆరింటికల్లా పని ముగించి బయల్దేరతారు. పక్క సీటాయన రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది దాకా ఉంటారు. ఆయన ఫోను మోగుతూనే ఉంటుంది, టేబుల్ మీద ఫైళ్లు తగ్గవు. మేనేజర్ గారు ఆయన్ని మెచ్చుకుని మీతో "నీకు పని తక్కువున్నట్టుంది" అన్నారు. పనిలో ఉన్నట్టు కనిపించడానికీ నిజంగా పని జరగడానికీ తేడా ఎలా తేల్చాలి, తేల్చాక పైవాళ్లకు ఎలా చూపాలి అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. మీ టేబుల్ దాటి వెళ్లి, మళ్లీ మీ టేబుల్‌కి తిరిగి రాని పనే మీరు నిజంగా చేసిన పని. ఎన్ని గంటలు కూర్చున్నారు, ఎన్ని ఫోన్లు మాట్లాడారు, టాలీ సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని ఎంట్రీలు కొట్టారు అనేవి దీన్ని తేల్చలేవు. అకౌంట్స్ ఆఫీసుల్లో హడావిడి చాలావరకు కొత్త పనితో రాదు, నిన్న సగంలో వదిలిన పని ఇవాళ వెనక్కి రావడంతో వస్తుంది. అందుకే రెండే లెక్కలు పెట్టుకోండి: ఎన్ని ముగిశాయి, ముగిశాయనుకున్నవాటిలో ఎన్ని తిరిగొచ్చాయి.

ఇక్కడ "ముగిసింది" అంటే ఏమిటో తేల్చుకోకపోతే మిగతాదంతా గాల్లో మాటే. "పంపించేశాను సార్", "అప్‌లోడ్ చేసేశాను సార్", "వాళ్లకు చెప్పాను సార్" అన్నవన్నీ సగం పనులే. మన పనుల్లో దాదాపు ప్రతిదానికీ బయటి నుంచి వచ్చే ఒక గుర్తు ఉంటుంది. అది చేతికొచ్చి రికార్డులో ఎక్కితేనే ముగిసినట్టు:

రైతుకు చెల్లింపు అయితే బ్యాంకు యూటీఆర్ నంబరు (డబ్బు పంపిన లావాదేవీ నంబరు) లెడ్జర్‌లో పడాలి. జీఎస్‌టీ రిటర్ను అయితే ఏఆర్‌ఎన్ (రిటర్ను అందినట్టు పోర్టల్ ఇచ్చే నంబరు) రావాలి. ఈ-ఇన్వాయిస్‌కు ఐఆర్‌ఎన్, అంటే ఆ బిల్లుకు పోర్టల్ ఇచ్చే నంబరు. టీడీఎస్‌కు (చెల్లింపుల్లోంచి ముందే మినహాయించే ఆదాయపు పన్నుకు) డబ్బు కట్టిన చలానా నంబరు, తేదీ రిటర్నుకు సిద్ధం చేసే షీట్లో ఎక్కాలి. బ్యాంకు రికన్సిలియేషన్‌లో (మన లెక్కను బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిపోల్చడంలో) తేడా సున్నా కావాలని లేదు, మిగిలిన ప్రతి తేడా పక్కన కారణం రాసి ఉండాలి, అంతే. ఈ గుర్తు లేని పనిని "అయిపోయింది" అనడం మానేసిన రోజే ఆఫీసులో సగం అయోమయం తగ్గుతుంది.

చెల్లింపుల్లో ఒక చిక్కు ఎక్కువగా జరుగుతుంది. కంపెనీ నెట్ బ్యాంకింగ్‌లో ఒకరు ఫైలు ఎక్కిస్తారు, ఇంకొకరు ఆమోదించాలి. ఎక్కించినాయన "అయిపోయింది" అనుకుని వేరే పనికి పోతారు. ఆమోదించాల్సిన డైరెక్టర్ గారు తిరుమల దర్శనం క్యూలో ఉంటారు, అక్కడికి ఫోను తీసుకెళ్లనివ్వరు. మర్నాడు పొద్దున రైతులు గేటు దగ్గరికొస్తారు, ఆఫీసులో ఫోన్లు మొదలవుతాయి. ఆ పొద్దుటంతా చూసేవాళ్లకు అందరూ ఊపిరాడని పనిలో ఉన్నట్టే కనిపిస్తారు. నిజానికి అది ముందురోజు సాయంత్రం ఒక్క ఫోనుతో ముగియాల్సిన పని. బ్యాంకుల మధ్య ఆన్‌లైన్‌లో డబ్బు పంపే పద్ధతుల్లో నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి, ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి ఇరవై నాలుగు గంటలూ నడుస్తున్నాయి. అందుకని "బ్యాంకు టైము అయిపోతోంది" అన్న పాత ఉరుకు ఆన్‌లైన్ చెల్లింపులకు ఇప్పుడు చాలావరకు అక్కర్లేదు. ఆలస్యం ఎక్కువగా ఆమోదం దగ్గరే జరుగుతుంది. కాబట్టి ఆమోదించాల్సినవాళ్లలో ఎవరు ఏ రోజు అందుబాటులో ఉంటారో సోమవారమే కనుక్కుని రాసిపెట్టుకోండి.

ఇప్పుడు ఒకే ఒక్క కాటా చీటీ తీసుకుని చూద్దాం. హడావిడి ఎక్కడ పుడుతుందో అందులోనే కనిపిస్తుంది.

తోతాపురి కాయలతో ట్రాక్టరు వచ్చింది. లోడుతో 6,480 కిలోలు, ఖాళీ బండి 2,530, నికరం 3,950 కిలోలు. కిలో 8 రూపాయల చొప్పున 31,600. చీటీ కార్బన్ కాపీ చెమట చేతుల్లో నలిగి ఆఫీసుకొచ్చింది, 2,530ని 2,350గా కొట్టారు. నికరం 4,130 అయింది, మొత్తం 33,040 అయింది. తేడా 1,440 రూపాయలే. కానీ ఈ తప్పు వారం తర్వాత స్టాకు లెక్కలో 180 కిలోల తేడాగా బయటపడుతుంది. అప్పుడు ఆ రోజు చీటీలన్నీ తీయాలి, కాటా ఆపరేటర్‌ని పిలవాలి, రైతుకు ఫోన్ చేయాలి, ఎక్కువ వెళ్లిన డబ్బు తర్వాతి లోడులో మినహాయించుకుంటామని ఒప్పించాలి, అడ్జస్ట్‌మెంట్ ఎంట్రీ వేయాలి. ఇరవై సెకన్ల ఎంట్రీ ఒక పూట తినేసింది. ఆ పూట ఆ మనిషిని చూస్తే ఎంత కష్టపడుతున్నాడో అనిపిస్తుంది. నిజంగానే కష్టపడుతున్నాడు కూడా, కానీ ఫ్యాక్టరీకి అందులో కొత్తగా వచ్చిందేమీ లేదు.

దీన్ని ఆపడానికి ఎంట్రీ కొట్టే వేగం పెంచి లాభం లేదు. మూడు పనులు చేయాలి. చీటీ మీది నికరం, సిస్టమ్ లెక్కగట్టిన నికరం సరిపోయాకే సేవ్ చేయాలి. రోజు చివర కాటా రిజిస్టరు మొత్తం టన్నులు, కొనుగోలు ఎంట్రీల మొత్తం టన్నులు పక్కపక్కన పెట్టి చూడాలి, దీనికి పదిహేను నిమిషాలు చాలు. తేడా ఉంటే ఆ రాత్రే పట్టుకోవాలి. ఆ రోజు చీటీలు మాత్రమే వెతకాలి కాబట్టి సులువు, వారం ఆగితే వందల చీటీలు వెతకాలి. ఖాళీ బండి బరువు (టేర్ వెయిట్) "మామూలుగా ఈ బండికి ఇంతే" అని పాత అంకె వేసే అలవాటు మాత్రం ఎవరికున్నా మాన్పించాలి. ట్రాలీ మారుతుంది, డీజిల్ మారుతుంది, డ్రైవరు పక్కన మనుషులు కూర్చుంటారు.

రైతు ఖాతాల వివరాల్లో ఇంతకంటే ఎక్కువ పని తిరిగొస్తుంది. నెఫ్ట్‌లో డబ్బు ఖాతా నంబరును బట్టి జమవుతుంది, పేరును బట్టి కాదు. ఒక అంకె తప్పితే డబ్బు వెనక్కి రావచ్చు, ఇంకెవరి ఖాతాలోనో పడవచ్చు. ఎక్సెల్ పదిహేను అంకెల వరకే కచ్చితంగా ఉంచుకుంటుంది. పదహారు అంకెల ఖాతా నంబరు మామూలు కాలమ్‌లో కొడితే చివరి అంకె సున్నా అయిపోతుంది, ముందున్న సున్నాలూ పోతాయి. అందుకే నంబర్లు అతికించక ముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చాలి, అతికించాక మార్చితే ప్రయోజనం లేదు. బ్యాంకు బ్రాంచిని గుర్తించే ఐఎఫ్‌ఎస్‌సీ కోడులో పదకొండు అక్షరాలుంటాయి, అయిదోది ఎప్పుడూ సున్నానే. అక్కడ ఇంగ్లీషు ఓ అక్షరం కొట్టడం రోజూ జరిగే తప్పు.

మన ప్రాంతానికి ఇంకో సంగతి ఉంది. చిత్తూరు కేంద్రంగా ఉన్న సప్తగిరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది. అంతకుముందే 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో కలిశాయి. మన పల్లెల్లో ఈ బ్యాంకుల ఖాతాలు చాలా ఉన్నాయి. ఫైల్లో ఉన్న పాత పాస్‌బుక్కు జిరాక్సు చూసి కోడు కొట్టేయకుండా, సీజన్ ముందే ప్రతి రైతు దగ్గరా కొత్త పాస్‌బుక్కు మొదటి పేజీ తీసుకోండి. ఒకే ఊళ్లో ఒకే పేరున్న రైతులు ఇద్దరు ముగ్గురుండటం మామూలే కాబట్టి లెడ్జర్ పేరులో ఊరు, ఫోన్ నంబరు చివరి నాలుగు అంకెలు చేర్చండి. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ పంపే ముందు ఖాతాదారు పేరు చూసుకునే వీలు కల్పించాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు 2025 ఏప్రిల్ 1 గడువు పెట్టింది. కొత్త ఖాతా చేర్చేటప్పుడు దాన్ని తప్పకుండా వాడండి.

ఈ పనంతా మార్చి, ఏప్రిల్‌లో చేయాల్సింది. అప్పుడు ఫ్యాక్టరీ నిదానంగా ఉంటుంది, ఈ పని చేసేవాళ్లు పొద్దస్తమానం పాత ఫైళ్లు తిరగేస్తూ ఏ పనీ లేనివాళ్లలా కనిపిస్తారు. జూన్‌లో లారీలు, ట్రాక్టర్లు గేటు బయట బారులు తీరినప్పుడు వాళ్ల టేబుల్ ఎందుకు ప్రశాంతంగా ఉందో ఎవరికీ తట్టదు. నాకు ఈ విషయంలో గట్టి అభిప్రాయమే ఉంది: సీజన్లో అకౌంట్స్ సెక్షన్ ఎంత ఉరుకుల్లో ఉందో చూస్తే, వేసవి మొదట్లో అక్కడ ఏం జరగలేదో తెలిసిపోతుంది. దీనివల్ల నష్టపోయేది ఫ్యాక్టరీ ఒక్కటే అయితే ఇంత గట్టిగా చెప్పనవసరం లేదు. 2025 సీజన్లో తోతాపురికి ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి కిలోకు 12 రూపాయలు రైతుకు అందాలని ప్రభుత్వం ప్రకటించింది. అలాంటి ఏడాది ఒక రైతు లోడు ఇంకొకరి పేరున ఎక్కితే ఆయన రెండు వైపులా పోగొట్టుకునే ప్రమాదం ఉంటుంది.

ఇక తేదీల సంగతి. ఒకే పని, చేసిన రోజును బట్టి పని అవుతుంది లేదా వట్టి ఉరుకు అవుతుంది. డ్రమ్ములు, కెమికల్స్, రవాణా బిల్లుల మీద మనకు రావాల్సిన ఇన్‌పుట్ క్రెడిట్‌ను, అంటే కొన్నప్పుడు కట్టిన జీఎస్‌టీని మన పన్నులో తగ్గించుకోవడాన్ని, చూడండి. నెలనెలా రిటర్ను వేసే సప్లయరు తన జీఎస్‌టీఆర్-1ను (అమ్మకాల రిటర్నును) 11వ తేదీలోగా వేయాలి, మూడు నెలలకోసారి వేసేవాళ్లు బిల్లుల వివరాలు 13లోగా ఎక్కించవచ్చు. వాటిని బట్టి మనకొచ్చే క్రెడిట్ చూపే 2బీ పట్టిక 14న తయారవుతుంది. పన్ను కట్టే మన 3బీ రిటర్ను 20లోగా.

8, 9 తేదీల్లో పెద్ద సప్లయర్లకు ఫోన్ చేసి "మా బిల్లులు ఇవీ, మీ రిటర్నులో ఉన్నాయా" అని అడిగితే రెండు నిమిషాల మాటతో క్రెడిట్ ఆ నెలలోనే వస్తుంది. అదే ఫోను 19న చేస్తే గంట మాట్లాడినా 2బీలో లేనిది రాదు. "చూస్తాం సార్, వచ్చే నెలలో వేస్తాం" అన్న మాట వింటారు. 19న రాత్రి పది దాకా ఫోన్లు చేసినాయన కష్టజీవిలా కనిపిస్తాడు, 9న మధ్యాహ్నం చేసినాయన్ని ఎవరూ చూడరు. 14కు ముందు రోజూ బిల్లులు సరిపోల్చుకుంటూ కూర్చోవడమూ ఇలాంటిదే. సగం డేటాతో చేసిన సరిపోలిక మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే. 15న ఒక్కసారి కూర్చుని ముగించండి.

టీడీఎస్ ఇంకా గట్టిగా కొరుకుతుంది. మినహాయించిన మరుసటి నెల 7లోగా కట్టాలి, మార్చి నెలది మాత్రం ఏప్రిల్ 30లోగా. గడువు దాటితే మినహాయించిన తేదీ నుంచి నెలకు 1.5 శాతం వడ్డీ, నెలలో కొంత భాగమైనా పూర్తి నెలగా లెక్క. మే 31న మినహాయించిన లక్ష రూపాయలను జూన్ 8న కడితే మే ఒక నెల, జూన్ ఒక నెల కలిపి 3,000 రూపాయల వడ్డీ పడుతుంది. ఆలస్యం ఒక్క రోజే. పీఎఫ్, ఈఎస్‌ఐ 15లోగా. 3బీ ఆలస్యమైతే రోజుకు 50 రూపాయలు, కట్టాల్సిన పన్నేమీ లేకపోతే 20, పన్ను బాకీ మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. ఎగుమతి చేసే ఫ్యాక్టరీ అయితే పన్ను కట్టకుండా పంపడానికి ఇచ్చే హామీపత్రం ఎల్‌యూటీని ఏటా కొత్త ఆర్థిక సంవత్సరానికి మళ్లీ వేయాలి. ఏప్రిల్‌లో మొదటి కంటైనర్ బయల్దేరే రోజు అది గుర్తుకొస్తే ఆఫీసంతా పరుగే.

ఈ తేదీలన్నీ గోడ మీద ఉంటాయి, ఎవరికీ తెలియనివి కావు. ప్రతి గడువుకూ రెండు పనిదినాల ముందు మీ సొంత గడువు రాసుకోండి. పోర్టల్ నెమ్మదించడం, ఓటీపీ రాకపోవడం, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ పని చేయకపోవడం సరిగ్గా ఆఖరి రోజునే ఎక్కువ జరుగుతాయి.

మీ పరిస్థితి కొలుచుకోవడానికి ఒక వారం ఇలా చేయండి. రూళ్ల నోటుబుక్కులో నాలుగు గళ్లు గీయండి: వచ్చింది, ముగిసింది, తిరిగొచ్చింది, ఎవరి దగ్గర ఆగింది. ఒక్కో పనికి ఒక్కో గీత చాలు, వివరం అక్కర్లేదు. ఏ పనినైనా చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ దాని కాగితం మూల ఒక చుక్క పెట్టండి. శనివారం సాయంత్రం మూడుకంటే ఎక్కువ చుక్కలున్న కాగితాలు విడిగా తీయండి. మీ సమయం ఎక్కడ పోతోందో అవే చెప్తాయి. సాధారణంగా వాటిలో మూడు రకాలు కనిపిస్తాయి. అసలు కాగితం పూర్తిగా రాకముందే మొదలుపెట్టినవి. ఒకరి నిర్ణయం కోసం ఆగినవి. మధ్యలో ఫోనో వాట్సాపో వచ్చి వదిలేసినవి.

మొదటి రకానికి మందు: పీఓ (కొనుగోలు ఆర్డరు), గేటు ఎంట్రీ, బిల్లు మూడూ కలిస్తే తప్ప బిల్లు ముట్టుకోకండి. లేనివి విడి ట్రేలో పెట్టి రోజుకు ఒక్కసారే అడగండి. రెండో రకానికి: నిర్ణయం అడిగేటప్పుడు "ఏం చేయమంటారు సార్" అని వదిలేయకుండా "ఇలా చేస్తున్నాను, మూడింటిలోగా వద్దనకపోతే పంపిస్తాను" అని రాయండి. డబ్బు చెల్లింపుకు, ధర మార్పుకు మాత్రం ఈ పద్ధతి వాడకండి, వాటికి స్పష్టమైన ఆమోదం ఉండాల్సిందే. మూడో రకానికి: పదిన్నర నుంచి పన్నెండున్నర వరకు అంకెల పని మాత్రమే. గేటు, కాటా వాళ్లకు "అర్జంటైతే ఫోన్ చేయండి, కాకపోతే గ్రూపులో పెట్టండి, పన్నెండున్నరకు చూస్తాను" అని ముందే చెప్పండి. చెప్పకుండా ఫోన్ తీయకపోతే తగాదాలొస్తాయి.

మేనేజర్‌కి చూపించే విషయానికొద్దాం. ఆయన్ని తప్పుబట్టలేం. ఆయనకు మీ లెడ్జర్ కనిపించదు, మీ కుర్చీ కనిపిస్తుంది. కుర్చీకి బదులు చూసుకోవడానికి ఇంకోటి ఇవ్వాల్సింది మీరే. రోజూ బయల్దేరే పది నిమిషాల ముందు ఇలాంటి చిన్న మెసేజ్ పెట్టండి:

"సార్, ఈ రోజు: రైతుల చెల్లింపులు 42, యూటీఆర్‌లు అన్నీ ఎక్కాయి. కాటా టన్నులు, కొనుగోలు టన్నులు సరిపోయాయి. నిన్నటి నెఫ్ట్‌లో ఒకటి వెనక్కి వచ్చింది, ఖాతా సరిచేసి మళ్లీ పంపాం. డ్రమ్ముల బిల్లు రేటు తేడా మీ దగ్గర ఉంది, రేపు మధ్యాహ్నంలోగా చెప్పగలరా. రేపు: టీడీఎస్ చలానా."

ముగిసింది, సరిపోయింది, తిరిగొచ్చింది, ఆయన దగ్గర ఆగింది, రేపటిది. ఇంతకు మించి రాయకండి. తిరిగొచ్చినదాన్ని దాచకండి, అది కనిపిస్తేనే మిగతా అంకెలను నమ్ముతారు. ఇందులో పక్క సీటాయన ప్రస్తావన ఒక్క ముక్క కూడా ఉండకూడదు. మూడు నాలుగు వారాలు క్రమంగా వెళ్తే ఆరింటికి వెళ్లడం గురించిన మాట దానంతటదే తగ్గుతుంది. తగ్గకపోతే సూటిగా అడగండి: "సార్, ఏ పని ఆలస్యమైందో చెప్పండి, అది ముగించే వెళ్తాను."

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి. పక్క సీటాయన నటిస్తున్నారని తేల్చేయకండి. చాలా ఆఫీసుల్లో ఆలస్యంగా ఉండే మనిషి దగ్గరికే గేటు, స్టోర్సు, డ్రైవర్లు అందరూ ప్రశ్నలతో వస్తారు. పగలంతా వాళ్లకు జవాబులు చెప్పి, తన పని సాయంత్రం ఆరు తర్వాత మొదలుపెడతారు. అలాగైతే లోపం పని పంపకంలో ఉంది. మీకు సమయం మిగులుతున్నప్పుడు ఆయన ఫోన్లలో ఒక రకం, ఉదాహరణకు డ్రైవర్ల కిరాయి ప్రశ్నలు, మీరు తీసుకోండి. ఆయనకూ మేలు, మీ మీద మాటా పోతుంది.

ఇంకొకటి, ఈ లెక్క అందరికీ అంటించకూడదు. బాయిలర్ దగ్గర మీటరు చూస్తూ కూర్చున్న మనిషి, రాత్రి షిఫ్టులో కాటా దగ్గర ఉన్నవాళ్లు, స్టెరిలైజర్ ఉష్ణోగ్రత గమనించే ఆపరేటర్ ఖాళీగా కనిపించడమే మంచిది. వాళ్లు పరిగెడుతున్నారంటే ఏదో చెడిపోయిందని అర్థం. వాళ్లకు పనుల సంఖ్య పెట్టి కొలిస్తే రీడింగులు చూడకుండానే రాసేస్తారు. మీ సెక్షన్‌లో కూడా ఎంట్రీల సంఖ్యను ఎవరికీ లక్ష్యంగా పెట్టనివ్వకండి. పెట్టిన వారానికి ఒక బిల్లు మూడు వోచర్లవుతుంది, సరిచూసుకోవడం ఆగిపోతుంది.

జూన్ మొదలు జూలై చివరి దాకా మాత్రం ఆరింటికి వెళ్లాలని పట్టుబట్టకండి. కాయ పండితే ఆగదు, లోడు రాత్రయినా దిగాల్సిందే, ఆ రోజు కాటా మొత్తం ఆ రోజే సరిపోల్చాలి. ఆ రెండు నెలలకు ఇద్దరూ షిఫ్టులు మార్చుకునేలా, ఒకరు పొద్దున ఎనిమిదికి వచ్చి అయిదింటికి, ఇంకొకరు పన్నెండుకు వచ్చి తొమ్మిదింటికి వెళ్లేలా మేనేజర్ గారికి మే నెలలోనే రాసి ఇవ్వండి. మధ్యాహ్నం ఇద్దరూ ఉండే అయిదు గంటల్లో చెల్లింపుల ఫైలు ఒకరు తయారుచేసి, ఇంకొకరు ఖాతా నంబర్లు చదివి సరిచూడాలి.